సీటు లెక్క సరే, బస లెక్క ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ సీట్లకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, విద్యా పేజీల నిండా ర్యాంకులు, బ్రాంచీలు, కటాఫ్‌లే. ఏ కాలేజీకి ట్యూషన్ ఫీజు ఎంతో రూపాయితో సహా అచ్చవుతుంది. ఖమ్మం నుంచో పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఒక విద్యార్థి మొదటిసారి ఇల్లు వదిలి హైదరాబాద్‌లో దిగాక ఆ ఫీజు కాక ఏడాదికి ఎంతవుతుందో చెప్పే పట్టిక మాత్రం ఎక్కడా దొరకదు. చాలా ఇళ్లలో వేసుకునే లెక్క ఒక్క ముక్కే: 'హాస్టల్‌కు ఆరున్నర వేలు, చేతిఖర్చుకు రెండు వేలు.' ఈ లెక్క దసరా దాకా కూడా నిలవదు. అప్పుడు ఇంట్లో 'డబ్బులన్నీ ఏం చేస్తున్నావు' అని మొదలవుతుంది. పిల్లలు దుబారా చేయరని నేననను. కానీ ఎక్కువ సార్లు తప్పు వాళ్లది కాదు, లెక్క వేసిన పద్ధతిది. ఈ ఖర్చులో దాదాపు అయిదో వంతు నెల నెలా రాదు. ఒక్కో నెలలో ఒక్కసారిగా మీద పడుతుంది.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు, నిజాంపేట వైపు ధరలతో ఒక నమూనా చూపిస్తాను. మీ హాస్టల్‌ను బట్టి అంకెలు మార్చుకోండి, పద్దులు మాత్రం ఒక్కటీ తీసేయకండి.

ముందు నెలవారీవి. నలుగురుండే గది, ఏసీ లేదు, భోజనంతో కలిపి 6,500 అనుకుందాం. సబ్బులు, పేస్టు, బట్టల పౌడరు 350. జిరాక్సు, పెన్నులు, ప్రింట్లు 250. సాయంత్రం టీ, ఏదో ఒక చిరుతిండి రోజుకు 30 చొప్పున 900. బయట తిండి, స్నేహితులతో తిరుగుడు 600. క్షవరం 150. జ్వరం, జలుబు మాత్రలు 100. ఫోన్ 286. ఈ చివరి అంకె ఎందుకంత చిత్రంగా ఉందో చెప్పాలి. 28 రోజుల ప్లాన్ 349 అయితే, అంతే డేటా ఇచ్చే 84 రోజుల ప్లాన్ 859. మూడుసార్లు చిన్నది వేస్తే 1,047 అవుతుంది. పైగా 28 రోజుల ప్లాన్ ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు వేయాలి. మొత్తం కూడితే నెలకు 9,136. పది నెలలకు 91,360.

ఇక విడిగా మీద పడేవి. దుప్పటి, దిండు, పలచటి పరుపు 1,200. బకెట్, మగ్గు, మంచి తాళం, కంచం, గ్లాసు 700. సైంటిఫిక్ కాలిక్యులేటర్ 1,500. డ్రాయింగ్ గీసే డ్రాఫ్టర్, షీట్లు, ల్యాబ్ ఆప్రాన్, రికార్డులు 1,800. హాస్టల్ అడ్వాన్సులో తిరిగిరాని భాగం 1,000. రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజు, చిల్లర ఫీజులు 3,000. ఇంటికి అయిదుసార్లు రాకపోకలు 5,000. ఫ్రెషర్స్ డే, ఫెస్ట్, డిపార్ట్‌మెంట్ టీషర్టు, ఒక ఇండస్ట్రియల్ విజిట్ 2,000. బట్టలు, చెప్పులు 3,000. వైద్యానికి విడిగా 2,500. ఇవి 21,700. పది నెలలకు పంచితే నెలకు 2,170. అంటే తొమ్మిది వేల చిల్లర అనుకున్నది నిజానికి 11,300. సిటీ బస్సు గానీ కాలేజీ బస్సు గానీ ఇందులో లేదు, అది వేరు. ఆ 2,170ని మొదటి నెల నుంచే ఇంట్లో పక్కన పెట్టగలిగితే నవంబరులో పరీక్ష ఫీజుకు అప్పు చేయాల్సిన పని ఉండదు. చేతిఖర్చుతో కలిపి విద్యార్థికి పంపేస్తే అది నవంబరు దాకా మిగలదు, మిగలాలని ఆశించడం కూడా అన్యాయమే.

సామాను విషయంలో రెండు మాటలు. మొదటి వారం ఏమీ కొనకుండా ఆగడం మంచిది, పడుకోవడానికి, స్నానానికి కావలసినవి తప్ప. డ్రాఫ్టర్ ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ అయ్యాక ఎవరికీ పనికిరాదు. అందుకే రెండో ఏడాది వాళ్ల దగ్గర సగం ధరకే దొరుకుతుంది, ఒక్క పూట అడిగితే చాలు. పుస్తకాలు కోఠిలో పాతవి తీసుకోవచ్చు, కానీ కొనేముందు ఏ రెగ్యులేషన్ (యూనివర్సిటీ కొన్నేళ్లకోసారి మార్చే పాఠ్యప్రణాళిక) సిలబస్‌దో చూడాలి. జేఎన్టీయూలో రెగ్యులేషన్ మారినప్పుడు యూనిట్లు అటూ ఇటూ అవుతాయి, కొన్ని సబ్జెక్టులే మారిపోతాయి. ఆర్22 పేరుతో ఉన్న పుస్తకం ఆ తర్వాతి రెగ్యులేషన్ వాళ్లకు పూర్తిగా సరిపోకపోవచ్చు. స్టీలు సామాను, బకెట్లు బేగంబజార్‌లో చవకే, కానీ ఒక్కరికి ఒక్క బకెట్ కోసం అక్కడిదాకా వెళితే మిగిలింది ఆటోకు పోతుంది. నలుగురికి కలిపి తెచ్చుకుంటేనే లాభం.

హాస్టల్ ఎంచుకునేటప్పుడు అందరూ అద్దె అడుగుతారు. టిఫిన్ ఎన్నింటికి పెడతారో అడిగేవాళ్లు తక్కువ. అసలు డబ్బు కారిపోయేది అక్కడే. నగరంలో ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు శివార్లలో ఉన్నాయి: ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్, బాచుపల్లి వైపు. కాలేజీ బస్సు హాస్టల్ దగ్గరి స్టాపుకు ఏడుంబావుకు వస్తే, వంటగదిలో ఇడ్లీ దిగేది ఏడున్నరకు. అప్పుడు టిఫిన్ బయటే. 40 రూపాయల ప్లేటు, నెలకు 22 పనిదినాలు, 880 రూపాయలు. మధ్యాహ్నానికి పొద్దున్నే బాక్సు కట్టిస్తారా? కట్టివ్వకపోతే క్యాంటీన్‌లో 70 చొప్పున 1,540. రెండూ కలిపితే 2,420. డబ్బు కట్టి తినని తిండి ఇది. పక్క హాస్టల్ కంటే 500 తక్కువని చేరిన చోట ఈ రెండు వేల నాలుగొందలు ఎదురు పెడుతున్నట్టు మూడు నెలలకు గానీ తెలియదు. కొన్నిచోట్ల ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రి వంట మానేస్తారు. అదీ అడగాలి. నెలకు నాలుగు రాత్రులు, నాలుగు వందలు.

అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు 'మెయింటెనెన్స్' పేరుతో ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. పదిహేను రోజులంటారు, నెలంటారు. నోటిమాటగా చెప్పి వెళ్లేటప్పుడు మార్చేస్తారు. అడ్వాన్సు రశీదు వెనకే ఈ మూడు ముక్కలు రాయించి తేదీ వేయించుకుంటే గొడవ ఉండదు. యజమాని రాయనంటే కనీసం వాట్సాప్‌లో 'మీరు చెప్పింది ఇదీ' అని పంపి 'సరే' అనిపించుకోవాలి. రెండోది, నెల లెక్క ఒకటో తేదీ నుంచా, చేరిన తేదీ నుంచా? ఆగస్టు 18న చేరితే ప్రతి నెలా 18నే కట్టాలి. నాన్న జీతం ఒకటిన వస్తే, లేదా పంట డబ్బు ఎప్పుడో వస్తే, మధ్యలో పదిహేడు రోజులు ఆ సొమ్ము విద్యార్థి ఖాతాలో ఊరికే ఉంటుంది. ఊరికే ఉన్న డబ్బు ఖర్చుకే చూస్తుంది. చేరినప్పుడే పద్నాలుగు రోజులకు విడిగా కట్టి ఒకటో తేదీకి మార్చుకోవడం మేలు. చాలామంది యజమానులు ఒప్పుకుంటారు.

మూడోది జీఎస్టీ. 'మేం రిజిస్టరైన హాస్టల్, పైన పన్ను పడుతుంది' అని అడిగేవాళ్లున్నారు. 2024 జూన్‌లో జరిగిన 53వ జీఎస్టీ మండలి సమావేశం తర్వాత, మనిషికి నెలకు 20,000 లోపు అద్దె ఉండి, వరసగా 90 రోజులకు తగ్గకుండా ఉండే వసతికి మినహాయింపు వచ్చింది. అది కాలేజీ ప్రాంగణంలో ఉండాలన్న షరతు లేదు. ఆరున్నర వేల మంచానికి జీఎస్టీ కలిపి బిల్లు ఇస్తే ఈ మాట చెప్పి తీయించుకోవచ్చు. కానీ రెండు నెలలకే ఖాళీ చేస్తే 90 రోజుల షరతు పోతుంది.

సంక్రాంతికి పది రోజులు ఇంటికి వెళ్లినా భోజనం డబ్బు తగ్గించరు, చాలాచోట్ల అదే రివాజు. వేసవిలో మాత్రం బేరం కుదురుతుంది. నెల దాటి ఖాళీగా ఉండేట్టయితే పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ చేరడమా, సగం కట్టి మంచం నిలుపుకోవడమా అన్నది ఏప్రిల్‌లోనే తేల్చుకోవాలి. కాలేజీలు తెరిచే వారంలో మంచాలు దొరకవు, దొరికినా కొత్త ధర చెబుతారు.

హాస్టల్ తిండి పడక ఆరు నెలలకు 'గది తీసుకుని వండుకుంటాం' అనేవాళ్లు ఎక్కువ. చవకవుతుందని ఇంట్లో వాళ్లూ ఒప్పుకుంటారు. లెక్క చూద్దాం. ముగ్గురికి ఒక చిన్న పోర్షను, అద్దె 12,000, తలకు 4,000. అడ్వాన్సు రెండు నెలలది, 24,000. ఖాళీ చేసేటప్పుడు అందులోంచి రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే. బియ్యం ఒక్కొక్కరికి పూటకు 150 గ్రాములు, రెండు పూటలు, నెలకు 9 కిలోలు. దుకాణాల్లో 26 కిలోల సంచి ముగ్గురికి దాదాపు నెల వస్తుంది. 25 కిలోల దాకా ఉండే ముద్రవేసిన సంచులకు 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ పడింది కాబట్టి వ్యాపారులు 26కి మారారు. చిన్న సంచి కొంటే ఆ పన్ను మీదే. సంచి 1,450 అనుకుంటే తలకు 480. పప్పు కిలోన్నర 200. నూనె లీటరు 150. కూరగాయలు రైతుబజార్‌లో తెచ్చుకుంటే 600. రోజుకొక గుడ్డు 210. పాలు, పెరుగు 300. ఉప్పు, కారం, తాలింపు సామాను 150. గ్యాస్ 300. కరెంటు 300. అద్దెతో కలిపి 6,690. హాస్టల్ 6,500!

అంటే రోజూ రెండు పూటలా ఎవరో ఒకరు వండినా ఆదా ఏమీ లేదు. తిండి రుచి, పడుకునే చోటు మెరుగవుతాయి, అంతే. పరీక్షల్లో వంట ఆగిపోతుంది. నెలకు ఎనిమిది రోజులు వండలేదంటే పదహారు భోజనాలు బయట, 90 చొప్పున 1,440. వండుకుంటే ఒక్కో భోజనానికి 40 అయ్యేది కనుక, అదనంగా పోయేది ఎనిమిది వందలు. వేసవిలో ఇంటికెళ్లినా గది అద్దె ఆగదు. తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ వసతిగృహాల్లో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారి డైట్ ఛార్జీలను, అంటే తలకు నెల భోజన ఖర్చును, 2024లో 1,500 నుంచి 2,100కు పెంచింది. అది వందల మందికి ఒక్క పొయ్యి మీద వండితే సరిపోయే అంకె. ముగ్గురు కుర్రాళ్లకు అంతకంటే తక్కువలో కుదురుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

గది తీసుకున్నవాళ్లు గ్యాస్, కరెంటు రెండూ జాగ్రత్తగా చూసుకోవాలి. చిరునామా ధ్రువీకరణ లేకుండా దొరికే 5 కిలోల సిలిండర్ ఉంది, గ్యాస్ కంపెనీలే అమ్ముతాయి. దానికి ఇంటి సిలిండర్ ధర వర్తించదు, మార్కెట్ ధరే. ముగ్గురికి రెండు పూటలా వండితే మూడు వారాలకు అటూ ఇటూ వస్తుంది. సందుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానికి ఎక్కించి ఇచ్చే దుకాణాలు చవకగా కనిపిస్తాయి. అది చట్టవిరుద్ధం, ప్రమాదం, పైగా తూకంలోనూ తక్కువే. ఇక కరెంటు. తెలంగాణలో ఇళ్ల మీటరు వంద దాటి 200 యూనిట్ల లోపుంటే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80, అంటే 200 యూనిట్లకు 820. ఒక్క యూనిట్ దాటి 201 అయితే మొదటి 200కు 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున పడి 1,027 రూపాయల 70 పైసలవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరు. ఒక్క మీటరు మీద మూడు గదులుంటే ఈ గీత ప్రతి నెలా దాటుతుంది. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలడిగే యజమానిని అసలు బిల్లు చూపించమని అడగడంలో తప్పులేదు. 1,500 వాట్ల నీళ్ల రాడ్ ఇరవై నిమిషాలు పెడితే అర యూనిట్. ముగ్గురు రోజూ పెడితే నెలకు 45 యూనిట్లు.

డబ్బు ఎంత అన్నది ఒక ఎత్తు, ఎప్పుడు పంపాలన్నది మరో ఎత్తు. నెలకొకసారి మొత్తం పంపడమే అన్నిటికంటే పెద్ద పొరపాటని నా అభిప్రాయం. హాస్టల్ అద్దె ఇంటి నుంచే నేరుగా యజమాని ఖాతాకు వెళ్లాలి. చెల్లించిన రుజువూ ఉంటుంది, మధ్యలో కరగదూ. ఫోన్ రీఛార్జి, పరీక్ష ఫీజు కూడా అంతే. మిగిలిన చిల్లర ఖర్చు పైన చెప్పిన లెక్కలో నెలకు 2,350, వారానికి 543. కాస్త వెసులుబాటుతో 600 పంపాలి. ఏ రోజు? సోమవారం. శనివారం పంపితే ఆదివారానికే సగం పోయి వారమంతా ఇబ్బంది. సోమవారం పంపితే సరదా ఖర్చు చక్రం చివర్లో వస్తుంది, తగ్గితే ఆ ఒక్క పూట సినిమా తగ్గుతుంది, టిఫిన్ తగ్గదు.

దీనికి యూపీఐ లైట్ బాగా పనికొస్తుంది. ఫోన్‌లో చిన్న పర్సు లాంటిది. ఎక్కువలో ఎక్కువ 5,000 ఉంచుకోవచ్చు, ఒక్కసారికి 1,000 దాకా పిన్ లేకుండా చెల్లించవచ్చు. సోమవారం 600 అందులో వేసుకుని టీ కొట్టు, జిరాక్సు అన్నీ దాన్నుంచే. అయిపోతే అయిపోయినట్టు తెలుస్తుంది. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కడుతుంటే ఇరవై, ముప్పై, పదిహేను ఎక్కడికి పోయాయో కనపడదు. నాలుగు జాగ్రత్తలు: దానంతటదే మళ్లీ నింపుకునే ఏర్పాటు ఆపి ఉంచాలి, లేకపోతే ఈ పద్ధతికి అర్థమే లేదు. పిన్ ఉండదు కనుక ఫోన్‌కు తాళం తప్పనిసరి. పాస్‌బుక్‌లో నింపిన మొత్తం ఒక్కటే కనిపిస్తుంది, విడివిడి చెల్లింపులు యాప్‌లోనే చూడాలి. ఫోన్ మార్చేముందు లైట్ మూసేసి మిగిలింది ఖాతాలోకి తెచ్చుకోవాలి. తల్లిదండ్రుల ఖాతా నుంచే పిల్లలు చెల్లించే యూపీఐ సర్కిల్ కూడా వచ్చింది, పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 దాకా. అది మందులకు, అత్యవసరాలకు బాగుంటుంది. పద్దెనిమిదేళ్లవాళ్లు తాగే ప్రతి టీకి ఇంట్లో సెల్ మోగడం మాత్రం ఇద్దరికీ మంచిది కాదు.

నగదు ఇంకా కొన్నిచోట్ల కావాలి. హైదరాబాద్ మెట్రో నగరం కాబట్టి ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు మూడు లావాదేవీలే ఉచితం, ఆపైన ఒక్కోదానికి 23 రూపాయల దాకా, దానిమీద పన్ను. బ్యాలెన్స్ చూసినా లావాదేవీ కిందికే వస్తుంది. కనీస నిల్వ అడిగే ఖాతా విద్యార్థికి వద్దు. స్టేట్ బ్యాంకు 2020లోనే పొదుపు ఖాతాలకు ఆ నిబంధన ఎత్తేసింది.

కనపడకుండా కారేవి ఆటోపేలు. 'మొదటి నెల ఒక్క రూపాయి' అని పాటలకో, సినిమాలకో, రెజ్యూమె యాప్‌కో నొక్కింది తర్వాతి నెల నుంచి 299, 499 అని లాగుతూనే ఉంటుంది. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్లు అన్న చోటికి వెళ్లి రద్దు చేయాలి. నెలకోసారి అక్కడికి తొంగిచూడటం అలవాటు చేసుకుంటే చాలు. ఇక ఇంటికి తెప్పించుకునే బిర్యానీ: మెనూలో 180 ఉన్నది ప్యాకింగ్, ప్లాట్‌ఫాం ఫీజు, డెలివరీ, పన్ను కలిసి 250 దాటడం వింతేమీ కాదు. గదిలో నలుగురూ కలిసి తెప్పించినప్పుడు ఒకరి ఫోన్ నుంచే కడతారు, మిగతా ముగ్గురూ 'రేపు వేస్తా' అంటారు. ఆ ఒక్కరే ప్రతిసారీ మునుగుతారు. తలుపు వెనక ఒక కాగితం అంటించి పేరు, మొత్తం రాసి, ఆదివారం రాత్రి కొట్టేస్తూ పోతే స్నేహమూ మిగులుతుంది.

మొదటి ఏడాదిలోనే సాఫ్ట్‌వేర్ కోర్సుకని అమీర్‌పేటలో పదిహేను వేలు కట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సి ప్రోగ్రామింగ్ కాలేజీలోనే ఉంది, ల్యాబూ ఉంది. మూడో ఏడాదికి ఆ కోర్సు పాతబడుతుంది. ల్యాప్‌టాప్‌ను కూడా వాయిదాల మీద ఆగస్టులోనే కొనాల్సిన పని అన్ని బ్రాంచీలకూ లేదు. ముందు ల్యాబ్ సమయాలు చూసి జనవరిలో నిర్ణయించుకోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదం లోన్ యాప్‌లు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో వెలుగుచూసిన వేధింపుల కేసులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. లెక్క ఇలా ఉంటుంది: అప్పు 5,000 అంటారు, ప్రాసెసింగ్ పేరుతో కోసి చేతికి 3,500 ఇస్తారు, వారంలో 5,000 కట్టమంటారు. 3,500 మీద 1,500, వారానికే 43 శాతం. కట్టలేక మరో యాప్‌లో తీస్తే అక్కడితో ఉరి బిగుస్తుంది. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం అప్పు డబ్బు నేరుగా రుణగ్రహీత ఖాతాలో పడాలి, మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతమో ముందే కాగితం మీద చూపాలి. అవి లేని యాప్ జోలికి పోవద్దు. ఫొటోలు, కాంటాక్టులు పెట్టుకుని బెదిరిస్తే ఇంకా ఇంకా కట్టకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. ఇంట్లో తిడతారన్న భయమే ఈ యాప్‌లకు పెట్టుబడి. అందుకే వైద్యానికని పక్కన పెట్టే 2,500ను 'అడగకుండా వాడుకోవచ్చు, తర్వాత చెబితే చాలు' అన్న మాటతో ఇవ్వాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ డబ్బును నెల లెక్కలో కలపొద్దు. వస్తుంది, కానీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు తర్వాతి ఏడాది మొదటి నెలకు దాచాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే ఈపాస్ వెబ్‌సైట్‌లో కొత్త దరఖాస్తు ఒక్కసారే అనుకుని రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోవడం, వేలిముద్ర వేయకపోవడం, ఆధార్ వేరే బ్యాంకుకు అనుసంధానమై ఉండటం, డబ్బు ఆగడానికి ఎక్కువగా ఇవే కారణాలు. ప్రభుత్వ నగదు బదిలీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా అనుసంధానమైతే అందులోనే పడుతుంది. హైదరాబాద్ వచ్చి కొత్త ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చినప్పుడు ఊళ్లోని పాత ఖాతా నుంచి అది మారిపోవచ్చు. డబ్బు రాలేదని తిరిగేముందు ఏ ఖాతాకు అనుసంధానమైందో బ్యాంకులో చూపించుకోండి.

ప్రయాణాల మాట. రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 10న ఊరెళ్లాలంటే నవంబరు 11న పొద్దున్నే బుక్ చేయాలి. పాతలెక్కన నాలుగు నెలల ముందనుకునే పెద్దలకూ, చివరి వారం చూద్దామనే పిల్లలకూ ఇద్దరికీ దొరకదు. పండగ ప్రత్యేక బస్సుల్లో తెలంగాణ ఆర్టీసీ ఒకటిన్నర రెట్ల దాకా తీసుకుంటుంది, ప్రైవేటు బస్సుల సంగతి చెప్పక్కర్లేదు. రెండు రోజులు ముందో వెనకో మామూలు సర్వీసులో వెళ్తే మిగులుతుంది, కానీ హాజరు 75 శాతం నిబంధన కూడా చూసుకోవాలి. తగ్గితే ఆ లోటును మన్నించడానికి కట్టే కండోనేషన్ ఫీజు, అదీ ఖర్చే. తెలంగాణ చిరునామా ఉన్న అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్ ఆధార్‌తో హైదరాబాద్‌లో చదివే అమ్మాయికి ఇది వర్తించదు, ఆమె బస్సు పద్దు వేరుగా రాయాలి. అమ్మాయిల లెక్కలో ఇంకొకటి కలపాలి: ల్యాబ్ ఆలస్యమై చీకటి పడ్డాక ఒంటరిగా బస్సుకు నిలబడకుండా ఆటోకు నెలకు నాలుగైదు వందలు. దాన్ని దుబారా కింద రాయకండి.

సంపాదకులకు నా విన్నపాలు మూడు. కౌన్సెలింగ్ పేజీల్లో కటాఫ్ పక్కనే ఆ కాలేజీ బస్సు ఫీజు, హాస్టల్ ఫీజు, ప్రత్యేక ఫీజులు, బస్సు బయల్దేరే వేళ కూడా వేయించండి. కాలేజీలను అడిగితే ఇస్తాయి. అడ్మిషన్ రోజునే ట్యూషన్ కాక ఏ నెలలో ఏం కట్టాలో ఒక్క కాగితం మీద రాసి తల్లిదండ్రులకు ఇవ్వాలని ఉన్నత విద్యామండళ్లు రెండు రాష్ట్రాల్లోనూ కాలేజీలకు చెప్పాలి. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్న ప్రైవేటు హాస్టళ్లు అడ్వాన్సు, కోత, నోటీసు గడువు, భోజన వేళలు గోడ మీద రాసి పెట్టేలా స్థానిక సంస్థలు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే షరతు విధించవచ్చు. మంటలార్పే సిలిండరు ఉందా అని అడుగుతున్నప్పుడు, టిఫిన్ ఎన్నింటికని అడగడం పెద్ద పనేమీ కాదు.

భవదీయుడు,
విద్యార్థుల హాస్టల్ లెక్కలు చూసే ఒక అధ్యాపకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్